ఎండు రొయ్యల సాక్ష్యం

దేవుడి గూట్లో ఏదో తక్కువైంది.

తెలుగువాళ్ళ వలస బస్తీ నవాగామ్‌లో సాంబయ్య ఇంట్లోకి అడుగు పెట్టగానే పద్మారాణి కళ్ళు ముందు పట్టుకున్నది దాన్నే. నేతగాళ్ళ కులదైవం మార్కండేయ స్వామి పటం ఉంది, దీపపు కుంది ఉంది, అగరుబత్తీల డబ్బా ఉంది. పటం ముందు ఏళ్ళ తరబడి రాలి పేరుకున్న పసుపు కుంకుమల మధ్య, పడవలాంటి ఆకారంలో ఒక జాగా మాత్రం బోసిగా ఉంది.

"అవ్వా, గీడ ఏం పెట్టెటోళ్ళు?" అని అడిగింది.

"నాడె బిడ్డా," అంది సాంబయ్య తల్లి చిన్నవ్వ. "మా ముసలాయన మగ్గం మీద దారం అటిటు ఉరికిచ్చిన నాడె. నిన్న ఎవలో సారు వచ్చి, దవాఖాన నుంచి వచ్చిన, పరీక్షకు కావాలె అని పట్కపోయిండు. దేవునిది నాయినా, ముట్టుకోకు అంటనే ఉన్న. ఇంటే గద!"

"ఎట్లున్నడు ఆ సారు?"

"బక్క పానం. మెడకు దస్తీ సుట్టుకున్నడు. బెల్టు కొస ఇంత పొడుగు ఏలాడవట్టె."

దవాఖాన తరఫున విచారణకు తిరుగుతున్నవాడు లింగమూర్తి అని పద్మారాణికి తెలుసు. కానీ లింగమూర్తిని బక్క అన్నవాళ్ళను ఆమె ఇంతవరకు చూడలేదు. ఆ మనిషి ఆటో ఎక్కితే పక్కవాడు దిగిపోవాల్సిందే. ముసలావిడ చూపు మందగించిందేమోలే అనుకుని ఊరుకుంది.

పద్మారాణి అదే ఊరి బజారు సలాబత్‌పురాలో లేసుల దుకాణం పైన గది తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతుంది. బోర్డు మీద తన పేరు గుజరాతీలో, హిందీలో, తెలుగులో మూడుసార్లు రాయించుకుంది. అంత ఇష్టం ఆమెకు తన పేరంటే. పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు, గోదాముల్లో చీరల దొంగతనాలు రోజువారీ పని. ఒక రోగం ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టమని కేసు రావడం మాత్రం ఇదే మొదలు.

కేసు తెచ్చింది రోగమొచ్చిన పిల్లే. సాంబయ్య కూతురు సంధ్యారాణి ఒక పెద్ద ప్రైవేటు హాస్పిటల్లో ఛాతీ వార్డు నర్సు. ఆర్నెల్ల కింద ఆమెకు టీబీ పట్టుకుంది. అదీ మామూలు మందులకు లొంగని మొండి రకం. డ్యూటీలోనే అంటుకుందని ఆమె అంటుంది. కాదు, మగ్గాలవాళ్ళ ఇంటి నుంచి తెచ్చుకుందని హాస్పిటల్ అంటుంది. ఆ మాట తేల్చడానికి ఈ సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుంటోంది. ఇంటి రోగమని తేలితే ఉద్యోగం పోతుంది. సంధ్యారాణికి అది రెండో బాధ. మొదటి బాధ బయట మెట్ల మీద కూర్చుని ఉంది.

ఆర్నెల్లుగా సాంబయ్య ఆ మెట్ల మీదే తింటున్నాడు, డాబా మీద పడుకుంటున్నాడు. కూతురికి రోగం తన నుంచే వచ్చిందని ఆయన నమ్మకం. పరీక్షలన్నీ ఏమీ లేదన్నాయి. వింటేగా!

"నాడె కంటికి నోరు పెట్టి దారం గుంజినోన్ని నేను పద్మక్కా," అన్నాడు తల దించుకుని. "చిన్నప్పుడు నా పక్కన కూసొని గా పిల్ల గూడ గుంజేది. ఒకటే నాడె, ఇద్దరి ఎంగిలి. మిషన్‌ల దొరకకుంటే రోగం లేనట్టేనా?"

"అది గాలిల వస్తది నాయినా, ఎంగిలితోని కాదు!" లోపలి నుంచి కేకేసింది సంధ్యారాణి. "నా దగ్గర ఇగ లేదన్నరు, నీ దగ్గర ఎన్నడూ లేదన్నరు. ఇద్దరి దగ్గర లేని రోగానికి మెట్ల మీద కాపలా ఎందుకే?"

పద్మారాణికి నవ్వాగలేదు. సాంబయ్య మాత్రం నవ్వలేదు. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

లోపల సంధ్యారాణి మందుల డబ్బా ముందేసుకుని కూర్చుంది. ఆ గోళీలకు చుట్టాల పేర్లు పెట్టుకుంది పిల్ల. గొంతులో అడ్డం పడేది మేనత్త, కడుపులో తిప్పేది చిన్నమామ, కాళ్ళకు తిమ్మిర్లు తెచ్చేది పెద్దబావ.

"ఇయ్యాల ఆఖరు రోజు పద్మక్కా. రాత్రి బువ్వ తిని మింగుత, చుట్టాలందరు ఎల్లిపోతరు. గా బువ్వ నాయిన నా పక్కన కూసొని తినాలె. గంతే. నౌకరీ పోతే ఇంకోటి దొరుకుతది. నాయిన ఏడ దొరుకుతడు?"

 పద్మారాణి పని మొదలుపెట్టింది.

"వార్డుల మాస్కు ఎప్పుడన్న తీస్తవా?"

"సచ్చినా తియ్య."

"మరి తినేటప్పుడు?"

"టీ గదిల తీస్త. నోటితోని తినాలె గద!"

"గా గదిల ఏడ కూసుంటవ్?"

సంధ్యారాణి పకపకా నవ్వింది. "ఎగ్జాస్ట్ ఫ్యాన్ కింద. నాకు ఎండు రొయ్యలంటే పానం. చింతచిగురు, ఎండు రొయ్యలు అవ్వ వండి పెడ్తది. ఆడ అందరు శాకాహారులు. వాసన బయటికి పోవాలని ఫ్యాన్ ఏసి, దాని కిందనే స్టూల్ ఏసుకుంట. అయినా నాతోటి నర్సు హేతల్ లడాయి పెడ్తనే ఉంటది, గదంత వాసనని."

"ఫ్యాన్ నడుస్తుండంగనా?"

"నడుస్తుండంగనే."

"మొదటి సంది గిట్లనేనా లడాయి?"

సంధ్యారాణి నవ్వు ఆపి ఆలోచించింది. "లే... ముందల ఎన్నడు అనలే. నిరుడు దివాళికి గదికి పెయింటింగ్ చేసిండ్రు. గప్పటి సంది. నాకు దగ్గు మొదలైంది దాని తర్వాతనే, సంక్రాంతి దాటినంక."

పద్మారాణి లేచి నిలబడింది. వంటింట్లోకి వెళ్ళి చిన్నవ్వ ముందు చెయ్యి చాపింది.

"అవ్వా, ఇంట్ల ఎండు రొయ్యలు ఉన్నయా? జర వేడి పెనం మీద దోరగ ఏంచి, మూత గట్టిగ ఉన్న డబ్బాల పెట్టియ్యి."

"ఆకలైతుందా బిడ్డా?"

"నాకు గాదు అవ్వా. కమిటీకి."

* * *

హాస్పిటల్ రెండో అంతస్తులో టీ గది మరీ పెద్దదేం కాదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, టీ మిషన్, గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్. విచారణ చేసుకోవడానికి ఆ గదినే లింగమూర్తికి అప్పగించారు. రెండు నెలలుగా సరిగ్గా ఆ ఫ్యాన్ కిందే కుర్చీ వేసుకుని, వచ్చే పోయే నర్సులను ప్రశ్నలడుగుతున్నాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు.

గుమ్మంలోనే ఆగిపోయింది పద్మారాణి. ముసలావిడ చూపుకేమీ కాలేదు. లింగమూర్తి సగమయ్యాడు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు. చల్లటి ఏసీలో కూడా మెడకు చుట్టిన దస్తీ రుమాలు తడిగా ఉంది. ఆమె చప్పున మాస్కు ముక్కు మీదికి బిగించుకుని, వెంట వచ్చిన తండ్రీకూతుళ్ళకు కూడా సైగ చేసింది.

"ఏంది పద్మక్కా, చీరల దొంగలు దొరుకుతలేరా? రోగాల దొంగల ఎంబడి పడ్డవు?" అన్నాడు లింగమూర్తి. ఇద్దరూ ఒకప్పుడు ఒకే ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తవ్వినవాళ్ళే. అప్పటి నుంచీ ఒకరి మాటకు ఇంకొకరు అడ్డం.

"చీరల దొంగలు మస్తుగ దొరుకుతున్నరు లింగన్నా. దేవుని గూట్ల చెయ్యి పెట్టేటోడే కొత్తగ దొరికిండు."

లింగమూర్తి ఏమాత్రం సిగ్గుపడలేదు. సంచిలోంచి నాడె తీసి బల్ల మీద టక్కున పెట్టాడు. "ఇగో, రోగం వచ్చిన తొవ్వ. గీ కంటికి తండ్రి నోరు పెట్టిండు, బిడ్డ నోరు పెట్టింది. మగ్గాలోళ్ళ అలవాటు నీకు తెల్వదా? నీ తాత గూడ గంతే."

"మా తాత గూడ గంతే. కాదంటలేను." పద్మారాణి తన చీర కొంగు నుంచి ఒక పోగు లాగి అతని చేతిలో పెట్టింది. "గుంజి చూపియ్యి."

"ఛీ, నేనెందుకు నోరు పెడ్త?"

"నోరు వద్దు. సూదితోనన్న ఎక్కియ్యి."

లింగమూర్తి నాడెను కిటికీ వైపు తిప్పి చూశాడు. దారం దూరే కన్ను కనబడలేదు. అక్కడ పసుపూ కుంకుమా కలిసి రాయిలా గట్టిపడి ఉన్నాయి. గుండుసూదితో పొడిచాడు. సూది వంగింది.

"మా అయ్య పోయినంక గా నాడెతోని ఒక్క మూర గూడ నెయ్యలేదు సారూ," అన్నాడు సాంబయ్య, అందరికీ దూరంగా గోడ దగ్గర నిలబడే. "ఏటేటా దసరకు పసుపు పెట్టి మొక్కుడే. నేను జోల్వ ఊరి ఫ్యాక్టరీల నీళ్ళతోని నడిచే మగ్గం మీద చేస్త. అండ్ల నీళ్ళే దారం గుంజుతయ్. నాడె ఉండదు, నోరు పెట్టేది ఉండదు."

లింగమూర్తి మొహం మాడింది. కానీ అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. "గిది గాకుంటే ఇంకోటి. చిన్నప్పుడు గుంజిందని నా విచారణల నువ్వే ఒప్పుకున్నవ్ గద! నీ నుంచి రాకుంటే ఏడ నుంచి వచ్చింది? చెప్పు, ఏడ నుంచి?"

 దొంగిలించిన నాడె కన్నా ఆ ప్రశ్నే సాంబయ్యను ఎక్కువగా కోసింది. సంధ్యారాణి తండ్రి చెయ్యి పట్టుకోబోతే, ఎప్పటిలాగే వెనక్కి జరిగాడు.

పద్మారాణికి ఒళ్ళు మండింది. "ఏడ నుంచో నేను చెప్త. ఫ్యాన్ ఎయ్యి లింగన్నా."

"ఎందుకు?"

"ఎయ్యమన్న. ఉక్కపోస్తుంది."

అతను స్విచ్ నొక్కాడు. పద్మారాణి వార్డు ట్రాలీ మీద నుంచి తెచ్చిన దూదిలోంచి చిటికెడు తుంపి, నూగు చేసి, ఫ్యాన్ ముందు వదిలింది. గది గాలిని బయటికి తోసే ఫ్యాన్ అయితే ఆ నూగు ఫ్యాన్‌కు వెళ్ళి అంటుకోవాలి. అది వెళ్ళలేదు. గిర్రున తిరిగి గది మధ్యకు ఎగిరి, నేరుగా లింగమూర్తి మీసం మీద వాలింది.

అతను దాన్ని దులుపుకోబోయి దగ్గాడు. ఒక్కసారి మొదలైన దగ్గు ఎంతకూ ఆగలేదు. దస్తీ నోటికి అడ్డం పెట్టుకుని, వంగి, బల్ల పట్టుకుని దగ్గాడు. సంధ్యారాణి మొహంలో నవ్వు పోయింది. ఇప్పుడామె కళ్ళు అచ్చంగా వార్డు నర్సు కళ్ళు.

"అన్నా, ఎన్నాళ్ళ సంది?" అంది మెల్లగా.

"ఏసీ పడుతలేదు, గంతే," అన్నాడు లింగమూర్తి. ఆమె జేబులోంచి కొత్త మాస్కు తీసి ఇచ్చింది. ఎందుకనో అతను దాన్ని కట్టుకున్నాడు.

* * *

నాలుగింటికి కమిటీ మీటింగు హాల్లో కూర్చోవాలి. పద్మారాణి పట్టుబట్టి వాళ్ళను టీ గది గుమ్మం దాకా రప్పించింది. సూపరింటెండెంట్ మేడం, మరో ఇద్దరు డాక్టర్లు. ముగ్గురికీ మాస్కులు. ముగ్గురికీ విసుగు. లింగమూర్తి ఒక మూల నిలబడ్డాడు.

"పాంచ్ మినిట్," అంది మేడం వాచీ చూసుకుంటూ.

"అంత కూడా పట్టదు మేడం," అని హిందీలో చెప్పి, పద్మారాణి నర్సు హేతల్‌ను ముందుకు పిలిచింది. "సంధ్య అన్నం డబ్బా తీస్తే నువ్వెందుకు గొడవ పెట్టుకునేదానివో చెప్పు."

హేతల్ సిగ్గుపడింది. "దీదీ, ఫ్యాన్ చాలూ కర్తే హీ ఔర్ జ్యాదా వాస్ ఆతీ థీ." ఫ్యాన్ వేస్తే వాసన తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగేదట.

"రంగులు వేశాక ఫ్యాన్‌ను తిరగేసి బిగించారు మేడం," అంది పద్మారాణి. "బయటికి తోయాల్సింది లోపలికి లాగుతోంది. మరి బయట ఏముంది? ఇందాక వెళ్ళి చూశాను, గోడ వెనక డక్ట్, గాలి పోయే గొట్టం. ఆ డక్ట్‌లోకి ఇంకో గది గాలి కూడా వదులుతారు. అది ఏ గది?"

డాక్టర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.  చివరికి సంధ్యారాణే చెప్పింది.

"తెమడ తీసే గది. టీబీ పేషెంట్లను దగ్గించి పరీక్షకు తెమడ పట్టుకునే గది."

"అందాజ్ సే బోల్ రహీ హై," అన్నాడు ఒక డాక్టరు. ఊహ అట!

పద్మారాణి ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు చిన్నవ్వ ఇచ్చిన డబ్బాను హేతల్ చేతిలో పెట్టింది. ఆ పూట తెమడ గదిలో పేషెంట్లు లేరు. హేతల్ మాస్కు బిగించుకుని, ఆ గదిలోకి పోయి తలుపు మూసుకుని, డబ్బా మూత తీసింది. అక్కడి ఫ్యాన్ చప్పుడు మొదలైంది. ఇక్కడ లింగమూర్తి చెయ్యి చాపి టీ గది ఫ్యాన్ వేశాడు.

  పద్మారాణి లోపల్లోపల మార్కండేయ స్వామికి దండం పెట్టుకుంది.

ముందు పట్టుకున్నది సాంబయ్య ముక్కు. మాస్కు కిందికి లాగబోతే కూతురు గట్టిగా గదిమింది. అయినా ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "రొయ్యలు!" అన్నాడు. "బిడ్డా... మన రొయ్యలు!"

ఆ తర్వాత ఎవరూ ముక్కు ఎగబీల్చాల్సిన పని లేకపోయింది. దోరగా వేయించిన ఎండు రొయ్యల వాసన, మాస్కులను ఏమాత్రం లెక్కచేయకుండా టీ గదంతా కమ్ముకుంది. పుట్టి బుద్ధెరిగాక మాంసం వాసన ఎరగని సూపరింటెండెంట్ మేడం చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "బస్, బస్! సమఝ్ గయీ! బంద్ కరో!" అని, అర్థమైంది ఆపమని అరుస్తూ వరండాలోకి పరుగెత్తింది. సంధ్యారాణి నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. ఆమె నవ్వు చూసి, అప్పుడే తలుపు తీసుకుని వచ్చిన హేతల్, హేతల్‌ను చూసి వెనక గుంపు కట్టిన నర్సులందరూ నవ్వేశారు.

సాంబయ్య నవ్వలేదు. ఆ ఫ్యాన్ వంకే చూస్తున్నాడు.

"అంటే... నా నోటి నుంచి కాదా పద్మక్కా?"

"నీ నోటి నుంచి కాదు సాంబన్నా. గా ఫ్యాన్ నోటి నుంచి."

పెద్దమనిషి అక్కడే స్టూల్ మీద కూలబడి, ఆర్నెల్ల ఏడుపు ఒక్కసారి ఏడ్చాడు. ఈసారి కూతురు చెయ్యి పట్టుకుంటే వెనక్కి జరగలేదు. మేడం అప్పటికప్పుడు ఆ గదికి తాళం వేయించింది. తీర్పు మాత్రం సోమవారానికి వాయిదా వేసింది. వాసన వస్తే రోగం కూడా వచ్చిందనడానికి రుజువు కావాలని డాక్టర్లిద్దరూ గింజుకున్నారు.

గుంపు చెదిరాక పద్మారాణి లింగమూర్తిని పక్కకు పిలిచింది.

"మెడ మీద చెమట. బెల్టుకు కొత్త చిల్లు. ఆగని దగ్గు. రెండు నెలలు అదే కుర్చీల కూసున్నవ్ లింగన్నా. ఇప్పుడే కిందికి పోయి పరీక్ష చేయించుకో."

"బెదిరిస్తున్నవా?"

"నువ్వు లేకుంటే నేను ఎవలతోని కొట్లాడాలె?"

అతను మెట్ల వైపు నడిచాడు.

* * *

ఆ రాత్రి సాంబయ్య ఇంట్లో పండుగే. చింతచిగురు, ఎండు రొయ్యల కూర పొయ్యి దిగేసరికి వీధి వీధంతా ఆ ఇంటి గుమ్మంలోకి తొంగిచూసింది. చిన్నవ్వ నాడెను కళ్ళకద్దుకుని, కొత్తగా పసుపు పూసి గూట్లో పెట్టింది. సంధ్యారాణి చాప పరిచి, నాలుగు కంచాలు పక్కపక్కనే వేసింది. సాంబయ్య గుమ్మం దగ్గర ఒక్క క్షణం తటపటాయించాడు.  ఆయన లోపలికి వచ్చి, కూతురి పక్కన, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"మస్తు కారం ఏసినవే అవ్వా," అన్నాడు మొదటి ముద్దకే కళ్ళు తుడుచుకుంటూ. కారానిదే తప్పని అందరూ ఒప్పుకున్నారు.

అప్పుడే పద్మారాణి ఫోన్ మోగింది. లింగమూర్తి. స్పీకర్ నొక్కింది.

"వచ్చింది పద్మక్కా." గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. "టీబీనే. మందులకు లొంగని రకమే. ఆ పిల్లదేందో, నాదీ గదే." కాసేపు దగ్గు. "నేను పుట్టినకాడి నుంచి మగ్గం ముట్టలే. మా ఇంట్ల నాడె లేదు. సోమవారం కమిటీల నేనే చెప్త. నాకంటే పెద్ద రుజువు ఏం కావాలె వాళ్ళకు?"

 గెలిచినందుకు సంబరపడాలో, ఆ మనిషి కోసం బాధపడాలో పద్మారాణికి తెలియలేదు. సంధ్యారాణే ఎంగిలి చేత్తో ఫోన్ లాక్కుంది.

"లింగన్నా, నేను సంధ్యను. భయపడకు. మొదటి పదిహేను దినాలు కడుపుల తిప్పుతది, గదే చిన్నమామ గోళీ. కాళ్ళు తిమ్మిరెక్కితే డాక్టరుకు చెప్పు, దాచకు. ఒక్క పూట గూడ తప్పకు. ఇగో, నేను ఇయ్యాల ఆఖరువి మింగుతున్న. నువ్వు గూడ మింగుతవ్."

 అవతల ఏడుస్తున్నాడని అందరికీ తెలిసింది.

"ఇంకో మాట బిడ్డా," అన్నాడు చివరికి. "ల్యాబ్‌ల నా ఎనక లైన్ల హేతల్ నిలబడ్డది. ఇంకో ఇద్దరు నర్సులున్నరు. ముగ్గురు దగ్గుతున్నరు. హేతల్ కడుపుతోని ఉన్నది, ఐదో నెల."

 తాళం పడ్డ గదిలో పది నెలలుగా ఎంతమంది టీ తాగి ఉంటారో పద్మారాణికి అప్పుడు తట్టింది. సంధ్యారాణి అప్పటికే లేచి నిలబడి, చున్నీ కోసం చెయ్యి చాపింది.

"నేను పోత. వాళ్ళు భయపడి సస్తుంటరు. ఇది తగ్గుతదని చెప్పేటోళ్ళు ఉండాలె గద!"

సాంబయ్య ఆమె చెయ్యి పట్టి కిందికి లాగాడు. కంచంలో ఇంకో గరిటె కూర వేశాడు. గోళీల డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. మంచినీళ్ళ చెంబు కూడా తనే తెచ్చాడు.

"ముందుగాల తిను. గోళీలు మింగు. బండి మీద నేను దింపుత," అన్నాడు. "నా ఎనక కూసొని, గట్టిగ పట్టుకో."